లెక్కలోంచి తీసేసిన పదిహేడో గుర్తు

ఆ మధ్య ఒక ఆదివారం ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా ఇంటికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. నేను రిటైరైన ల్యాబులోనే, నేను పనిచేసిన విభాగంలోనే కొత్తగా చేరారట. ఒకరిది ఏలూరు, ఒకరిది కర్నూలు. ఏ పుస్తకాలు చదవాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడిగారు. తెలిసినవి చెప్పాను. వాళ్లు లిఫ్టు దిగి వెళ్లిపోయాక, అసలు చెప్పాల్సింది చెప్పలేదని తోచింది. బిస్కెట్ల ప్లేటు మధ్యలో పెట్టుకుని చెప్పగలిగే సంగతి కాదది. అందుకని రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. అవి కాస్త ముందో వెనకో అందరికీ వస్తాయి. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దానివల్ల నష్టపోయింది నేను కాదు, పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి. నాకు పెన్షన్‌లో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది అదే. మన తప్పుకు మూల్యం చాలాసార్లు ఇంకెవరో చెల్లిస్తారు.

మా పని

మా ల్యాబు గ్రేటర్ నోయిడా దాటాక వస్తుంది. లోపల గుండ్రంగా చుట్టివచ్చే పెద్ద హాలు. ఆ గుండ్రంలో, గాలి తీసేసిన గొట్టం లోపల, ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో తిరుగుతుంటాయి. దారి పొడవునా అయస్కాంతాలు వాటిని వంచి తిప్పుతాయి. వంపు తిరిగినప్పుడల్లా ఎలక్ట్రాన్లు ఎక్స్-రే కాంతిని విడుస్తాయి. ఆసుపత్రిలో వాడే ఎక్స్-రే దానిముందు దేనికీ చాలదు. ఆ కాంతిని బీమ్‌లైన్లు అనే పక్క గొట్టాల్లోంచి బయటికి తెస్తే, వాటి చివర కూర్చుని ఒకరు మందు బిళ్లను, ఒకరు బ్యాటరీని, ఒకరు పాత కుండ పెంకును లోపలికంటా చూసుకుంటారు.

నా సర్వీసు చివరి ఏళ్లలో ఈ రింగును అప్‌గ్రేడ్ చేశాం. పాత పెద్ద అయస్కాంతాలు తీసేసి, అదే చుట్టులో చిన్నవి, ఎక్కువ సంఖ్యలో పెట్టాం. ఒక్కసారిగా గట్టిగా వంచే బదులు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు వంచితే ఎలక్ట్రాన్ల కట్ట సన్నబడుతుంది. కట్ట సన్నబడితే కాంతి చుక్క చిన్నదవుతుంది. చుక్క చిన్నదైతే, అంతకుముందు కనబడనివి కనబడతాయి. అయితే ఇంత లాభానికీ ఒక షరతు ఉంది. ఏ అయస్కాంతమూ తన చోటు నుంచి సగం వెంట్రుక మందం కూడా జరగకూడదు.

జరగకుండా చూడడం, అంటే అలైన్‌మెంట్, నా విభాగం పని. హాలు నేలలో, గోడల్లో ఉక్కు గుర్తులు బిగించి ఉంటాయి. లేజరు యంత్రంతో వాటి మధ్య దూరాలు, ఎత్తులు కొలిచి, వాటి ఆధారంగా అయస్కాంతాలను కూర్చోబెడతాం. మా ఆవిడ చుట్టాలతో, "ఈయన ఇనుప దిమ్మలు సర్దుతారు" అని చెప్పేది. అందులో తప్పేమీ లేదు.

ఆ హాలు కింద ఉన్నది యమున తెచ్చి పోసిన ఒండ్రు మట్టి. నీరు పట్టినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంగుతుంది. కట్టినవాళ్లకు ఆ సంగతి తెలుసు. మాకూ తెలుసు. తెలిసినదాన్ని తెలిసినట్టు ప్రతిరోజూ గుర్తుపెట్టుకోవడం దగ్గరే చిక్కు వస్తుంది.

సత్‌పాల్

నాకు ఈ పని నేర్పినవాళ్లలో అందరికన్నా ముందు చెప్పాల్సింది సత్‌పాల్ పేరు. బులంద్‌షహర్ దగ్గర పల్లె. కాంట్రాక్టు మీద పనిచేసే టెక్నీషియన్. నాకన్నా ఆరేళ్లు చిన్న. మితభాషి.

పాత రింగు రోజుల్లో ఒకసారి ఎలక్ట్రాన్ల కట్ట ఒక చోటు దాటి ముందుకు పోనని మొండికేసింది. ఇంజనీర్లమంతా మూడు వారాలు లెక్కలు కట్టాం. చివరికి సత్‌పాల్ జేబులోంచి చిన్న దిక్సూచి తీసి, ఒక్కొక్క అయస్కాంతం దగ్గర పెట్టుకుంటూ వెళ్లి, ఒక దాని ముందు ఆగాడు. దాని రెండు కేబుళ్లు తారుమారయ్యాయి. కేబుళ్లు లాగేటప్పుడే అనుమానం వచ్చిందట. మరి చెప్పలేదేమని అడిగితే, "కిసీ నే పూఛా నహీ, సర్" అన్నాడు. ఎవరూ అడగలేదు. ఆ రోజు అందరం నవ్వుకున్నాం. నేను కూడా నవ్వాను, కాని నేర్చుకోవాల్సింది నేర్చుకోలేదు.

పదిహేడు

అప్‌గ్రేడ్‌లో అయస్కాంతాలన్నీ అమర్చాక, వానాకాలం వెళ్లగానే చివరి సర్వే చేశాం. గుర్తులన్నీ ఒకదానితో ఒకటి చక్కగా పొసిగాయి, ఒక్కటి తప్ప. తూర్పు తలుపు దగ్గరి పదిహేడో గుర్తు పాత లెక్కకన్నా మూడు వెంట్రుకల మందం కిందికి ఉంది.

"యే పాయింట్ ఖరాబ్ నహీ హై, సర్. జమీన్ హిల్ రహీ హై" అన్నాడు సత్‌పాల్. గుర్తు బాగానే ఉందని, అక్కడి నేలే కదులుతోందని అతని మాట. బయట లోతైన బోరులో బిగించిన మూల గుర్తు ఒకటి ఉంటుంది. దాని నుంచి మొత్తం మళ్లీ కొలుద్దామన్నాడు. అది పది రోజుల పని.

పది రోజులు ఆగే పరిస్థితి లేదనుకున్నాను. ప్రాజెక్టు అధిపతి మాథుర్ గారు రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "అయిందా?" అని అడుగుతున్నారు. తూర్పు తలుపులోంచి సామాన్ల ట్రాలీలు వస్తాయి, ఏదో తగిలి గుర్తు వంగి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలా జరగడం కద్దు. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి గుర్తు పక్కన ఒక చిన్న గడి ఉంటుంది. అందులో టిక్కు తీసేస్తే ఆ గుర్తు లెక్కలోంచి పోతుంది. పదిహేడు పక్కన టిక్కు తీసేశాను. మిగిలిన లెక్క అద్దంలా వచ్చింది.

చెడిపోయిన గుర్తును లెక్కలోంచి తీసేయడం తప్పు కాదు. నేను అంతకుముందు చాలాసార్లు తీశాను. కాని తీసే ముందు వెళ్లి దాన్ని చేత్తో తడిమి చూసేవాణ్ని. ఆ రోజు వెళ్లలేదు. నా కుర్చీ నుంచి అది రెండు వందల అడుగులు కూడా ఉండదు.

మా దగ్గర కొలత పత్రం మీద రెండు సంతకాలు ఉండాలి, కొలిచినవాడిది, లెక్క కట్టినవాడిది. సత్‌పాల్ సంతకం చేసి, నా ఎదురుగానే, దాని కింద పెన్సిలుతో హిందీలో "17 హటాయా గయా", అంటే పదిహేడు తీసేశారు అని రాశాడు. నాకు ఒళ్లు మండింది. ఫైలుకు వెళ్లే కాగితం మీద ఈ రాతలేమిటని రబ్బరు తీసుకుని తుడిచేశాను. అతను యంత్రం పెట్టెలో సర్దుకుని వెళ్లిపోయాడు.

తరువాత కొన్ని వారాలకు ఎలక్ట్రాన్ల కట్ట మొదటిసారి కొత్త రింగులో నిలిచింది. కంట్రోల్ రూములో లడ్డూలు పంచారు. తెరమీద అన్ని మీటర్లూ కట్ట నడిమధ్యన ఉందని చూపించాయి. నేను రెండు లడ్డూలు తిన్నాను.

గింజ లోపల

సునీతది హనుమకొండ. దక్షిణ ఢిల్లీలో ఒక పెద్ద సంస్థలో పీహెచ్‌డీ చేస్తూ, పక్కనే జియా సరాయ్‌లో అద్దె గదిలో ఉండేది. ఆమె పని బియ్యం మీద. కొన్ని ఊళ్లలో బోరు నీళ్లలో ఆర్సెనిక్ ఉంటుంది. ఆ నీటితో పండిన వరి గింజలో ఆ విషం ఎక్కడ చేరుతుందన్నది ఆమె ప్రశ్న. పై పొరలో అయితే మిల్లు పట్టించినప్పుడు తవుడుతో పోతుంది. లోపల అయితే కంచంలోకి వస్తుంది. దాన్ని చూడాలంటే గింజను కాగితంకన్నా పల్చగా కోసి, చాలా చిన్న కాంతి చుక్కతో ఆ ముక్కను గంటల తరబడి చుక్క చుక్కగా చదవాలి. పాత రింగు చుక్క అందుకు పెద్దది. అప్‌గ్రేడ్ కోసం ఆమె రెండేళ్లు ఆగింది.

ఆమెకు ఎనిమిదేసి గంటల షిఫ్టులు ఆరు దొరికాయి. రెండు పగళ్లు, రెండు రాత్రులు. ఫెలోషిప్ మరికొన్ని నెలల్లో ముగుస్తుంది. ఈ ఆరు షిఫ్టుల్లో ఫలితం చూపిస్తేనే గైడు గడువు పొడిగించమని సంతకం పెడతాడు. ఇదంతా నాకు తరువాత తెలిసింది.

రెండో రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"సార్, మీరు తెలుగువాళ్లని గార్డ్ భయ్యా చెప్పిండు. ఒక్కసారి ఇది చూస్తరా?"

ల్యాప్‌టాప్ తెరిచింది. గింజ బొమ్మ. అంచులు అడ్డంగా గీత గీసినట్టు ఉన్నాయి. నిలువుగా మాత్రం పేడతో అలికినట్టు ఉంది.

"అడ్డంగ మంచిగనే వస్తుంది సార్. నిలువుకే ఇట్లైతుంది. ప్రతి ముక్కకు ఇదే కత."

ఆమె కూర్చున్న బీమ్‌లైన్ తూర్పు తలుపు దగ్గరిది. నేల లేస్తూ దిగుతూ ఉంటే బొమ్మ సరిగ్గా ఇలాగే నిలువునా అలుక్కుపోతుంది. ఆ ఆలోచన వచ్చింది. వచ్చిన వెంటనే పక్కకు తోసేశాను.

"గింజ ముక్క సరిగ్గా అతుక్కోలేదేమోనమ్మా" అన్నాను. "కొంచెం వదులుగా ఉన్నా, అంత సన్నని కాంతి కింద తేడా కనబడిపోతుంది. మౌంటింగ్ ఇంకోసారి చూసుకో."

"మూడుసార్లు మార్చిన సార్."

"ఇంకోసారి చెయ్యి. కొత్తలో అందరికీ అవుతుంది."

"సరే సార్. థ్యాంక్స్ సార్" అని ల్యాప్‌టాప్ మూసుకుని వెళ్లిపోయింది. మనవాడు కదా, సాయం చేస్తాడని వచ్చిన పిల్ల. నేను పప్పన్నం పూర్తిగా తిని లేచాను.

ఒక్క లైను జవాబు

ఆమె షిఫ్టులు అయిపోయాక, బయటినుంచి వచ్చే పరిశోధకుల వ్యవహారాలు చూసే ఆఫీసు నుంచి విభాగాధిపతులందరికీ మెయిల్ వచ్చింది. ఫలానా బీమ్‌లైన్‌లో బొమ్మలు సరిగ్గా రాలేదు, మీ వైపు ఏమైనా సమస్య ఉందా అని. కంట్రోల్ రూము వాళ్లు కట్ట స్థిరంగా ఉందని రాశారు. వాళ్ల తెరమీద ఉన్నది వాళ్లు రాశారు. నేను, "అలైన్‌మెంట్‌లో సమస్య లేదు" అని రాశాను. నిమిషం కూడా పట్టలేదు.

ఆ జవాబులన్నీ కలిపి ఆమె గైడుకు ఉత్తరం వెళ్లింది. యంత్రంలో లోపం కనబడలేదు, శాంపిల్ తయారీలో, మౌంటింగ్‌లో లోపం ఉన్నట్టుంది, వచ్చే విడతలో మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు అని. గడువు పొడిగింపు కాగితం గైడు బల్లమీదే ఉండిపోయింది.

నా మాట విని ఒక్కటి గుర్తుంచుకోండి. "సమస్య లేదు" అని రాసే ముందు, సమస్య లేదని చూశానా, లేక సమస్య కోసం చూడలేదా అని మిమ్మల్ని మీరు అడగండి. నేను రాసింది అబద్ధమని కోర్టులో ఎవరూ నిరూపించలేరు. నేను చూడలేదు కాబట్టి నాకు కనబడలేదు. అబద్ధంకన్నా అది హీనమని నా అభిప్రాయం.

రెండున్నర నెలల తరువాత సత్‌పాల్ నా గదికి వచ్చాడు. జేబులో పెట్టుకునే చిన్న డైరీ తీసి బల్లమీద తెరిచి పెట్టాడు. రింగు ఆపి మరమ్మతులు చేసే ప్రతి రోజూ, ఎవరూ చెప్పకుండానే, పదిహేడో గుర్తు ఎత్తు కొలుస్తూ వచ్చాడట. వరుసగా తొమ్మిది అంకెలు. ప్రతి ఒక్కటీ ముందుదానికన్నా కిందికి.

"అబ్ దేఖ్ లీజియే, సర్" అన్నాడు. ఇప్పటికైనా చూడండి అని. గొంతులో వెటకారం లేదు. ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ రోజు నడిచి వెళ్లాను. గుర్తు వంగలేదు, దానికి ఏమీ తగల్లేదు. పక్కన నేలమీద చెవి ఆనించి పడుకున్నాను. కింద ఎక్కడో పంపు ఆన్ అయినప్పుడు మట్టిలోకి నీళ్లు కారే చప్పుడు వినబడింది. అక్కడ నీళ్లు కారే చప్పుడు ఉండకూడదు.

మీటర్లన్నీ అంతా బాగుందని ఎందుకు చూపించాయో అప్పుడు అర్థమైంది. కట్ట ఎక్కడుందో చెప్పే మీటర్లు కూడా ఆ నేలమీదే బిగించి ఉన్నాయి. నేలతోపాటు అవీ లేచాయి, అవీ దిగాయి. వాటికి కట్ట ఎప్పుడూ నడిమధ్యనే కనబడింది. నిజం చెప్పింది రెండే, పదిహేడో గుర్తు, సునీత బొమ్మలు. ఒకదాన్ని లెక్కలోంచి తీసేశాను. రెండోదానికి మౌంటింగ్ అని పేరు పెట్టాను.

మాథుర్ గారు

మాథుర్ గారిని చెడ్డవాడిగా చూపించే ఉద్దేశం నాకు లేదు. కోపిష్టి, కాని తన తప్పు ఇంకొకరి మీద వేసే మనిషి కాదు. నేను వెళ్లి చెప్పగానే కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"పన్నెండు రోజుల్లో రివ్యూ కమిటీ వస్తోంది. ఇప్పుడు రింగు ఆపితే తరువాతి దశకు అనుమతి రాదు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదాం. ఠీక్ హై?" అన్నారు.

"ఠీక్ హై, సర్" అన్నాను.

సునీత సంగతి ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన ఆగమనేవారు కాదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ పన్నెండు రోజులూ ఆయన పొరపాటు కాదు, నాది. కమిటీ వచ్చింది, మెచ్చుకుంది, భోజనం చేసి వెళ్లింది.

మర్నాడు రెండు పేజీల నోటు రాసి ఆయన ముందు పెట్టాను. గడిలో టిక్కు తీసేసిన సంగతి, మెయిల్‌కు ఇచ్చిన జవాబు, బియ్యం చూసే అమ్మాయి, అన్నీ. ఆయన చదివి తలెత్తి అడిగారు.

"సత్‌పాల్ పెన్సిలుతో ఏదో రాశాడని అంటున్నారు. తుడిచింది నువ్వేనా?"

"అవును సర్."

"అది ఇందులో లేదే. రాయి."

రాశాను. అంతకన్నా కష్టమైన వాక్యం నా సర్వీసులో ఇంకోటి రాయలేదు. ఆయన ఆ సాయంత్రమే రింగు ఆపమని సంతకం పెట్టారు. తూర్పు తలుపు దగ్గర స్లాబు పగలగొడితే, కింద అయస్కాంతాలను చల్లబరిచే నీటి పైపు అతుకు చీలి, ఒండ్రు నాని కొట్టుకుపోతూ కనబడింది. పంపు వేగం మారినప్పుడల్లా స్లాబు లేస్తూ దిగుతూ, మొత్తంమీద కుంగుతూ ఉంది. పైపు మార్చి, నేల గట్టిపరిచి, బోరులోని మూల గుర్తు నుంచి అంతా మళ్లీ కొలిచాం. కొలవడానికి సరిగ్గా పది రోజులు పట్టింది. రింగు మళ్లీ నడవడానికి నాలుగు నెలలు.

సునీత సంగతి దాచకుండా ఇక్కడే చెప్పేస్తాను. గడువు పొడిగించారు, అడిగినదాంట్లో సగం. రింగు తెరిచాక ఆమెకు రెండు షిఫ్టులే దక్కాయి. పన్నెండు రకాల బియ్యం చూడాలనుకున్న పిల్ల నాలుగింటితో సరిపెట్టుకుంది. థీసిస్ పూర్తయింది. ఆమె అనుకున్న థీసిస్ మాత్రం అది కాదు. నావల్ల పోయిన ఆ ఎనిమిది రకాల సంగతి ఇప్పటికీ ఎవరూ చూడలేదు.

జియా సరాయ్‌లో

నోటు ఇచ్చిన వారంలోనే, శనివారం పొద్దున మెట్రో ఎక్కి జియా సరాయ్ వెళ్లాను. ఆఫీసు నుంచి ఉత్తరం ఎలాగూ వెళ్తుంది. కాని ఆ కబురు కాగితం మీద తెలియడం బాగుండదనిపించింది. దారంతా ఏం చెప్పాలో మనసులో వరుసగా పేర్చుకున్నాను.

సన్నటి సందు, కోచింగు సెంటర్ల బోర్డులు, మూడో అంతస్తులో గది. నన్ను చూసి ఆమె బిత్తరపోయింది. ఒక మంచం, ఒక కుర్చీ. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వద్దంటున్నా కిందికి పరిగెత్తి కాగితపు కప్పులో చాయ్ తెచ్చింది. ఒక్కటే తెచ్చింది.

"నీకేదమ్మా?"

"నేను తాగ సార్."

పేర్చుకున్న మాటలేవీ వరుసలో రాలేదు. తప్పు నాదని, నేల కదిలిందని, దాన్ని చూపించిన కొలతను నేనే తీసేశానని, క్యాంటీన్‌లో ఆమె బొమ్మ చూసినప్పుడే నాకు అనుమానం వచ్చిందని చెప్పాను. చివరి మాట చెప్పేటప్పుడు ఆమె మొహం వైపు చూడలేకపోయాను.

ఆమె మెల్లగా అడిగింది.

"అంటే, నా మౌంటింగ్ మంచిగనే ఉండెనా సార్?"

"బాగానే ఉందమ్మా. మొదటి రోజు నుంచీ."

మంచం కిందికి వంగి నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు బయటికి లాగింది. మూతలు తీసింది. నిండా బియ్యపు గింజల ముక్కలు. ఒక్కొక్కటీ చిన్న చట్రానికి అతికించి, పక్కన తేదీ వేసి ఉంది.

"రోజూ పొద్దున లేచి యాభై కోసిన సార్. మా గైడ్ ఆ ఉత్తరం చూపెట్టి, నీ చెయ్యి కుదురు లేదు అన్నడు. నిజమే కావచ్చు, వణుకుతుందేమో అనుకున్న. డాక్టర్‌కు చూపిచ్చుకున్న. ఆయన ఏం లేదన్నడు. అయినా నమ్మలె. చాయ్ తాగితే చేతులు వణుకుతయని ఎవరో అంటే, అప్పటిసంది చాయ్ బంద్ పెట్టిన."

"నన్ను క్షమించమ్మా" అన్నాను.

ఫరవాలేదు సార్ అనలేదు. అనకపోవడమే న్యాయం. డబ్బాల మూతలు ఒక్కొక్కటే పెట్టి, మళ్లీ మంచం కిందికి తోసి, లేచి నిలబడింది.

"మా గైడ్‌కు మీరు రాసిస్తరా సార్? మిషిన్‌ది తప్పని ఆఫీసోళ్లు రాస్తరు. మీరు నా చెయ్యి మంచిగ ఉన్నదని రాయుండ్రి."

ఆమె నోటు పుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చింది. మోకాలి మీద పెట్టుకుని రాశాను. ఆమె తీసిన ప్రతి బొమ్మా కాంతి ఎలా కదిలిందో అలాగే నమోదు చేసిందని, చేతి పనిలో ఎక్కడా లోపం లేదని, ఆ మాట చెప్పవలసిన రోజున నేను చెప్పలేదని రాసి సంతకం చేశాను. ఆమె రెండుసార్లు చదువుకుని, మడిచి, పుస్తకంలో పెట్టుకుంది.

నా ముందున్న చాయ్ అప్పటికి చల్లారిపోయింది. నేను ముట్టుకోలేదు.

"మీరు తాగరు కద సార్" అని ఆ కప్పు తీసుకుంది. కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి, కప్పు పట్టుకున్న తన చేతిని చూసుకుంటూ, మొత్తం తాగింది.